దొంగ కొమ్మ

పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న పెద్దమనిషికి
పెరడంటూ ఒకటి ఉండే ఉంటుంది,
ఏడాది పొడవునా నేలగానే ఉండే పెరడు.
ఇక్కడ, అమెజాన్ పాయ మీద,
ఆరు నెలలు కోళ్లు తిరిగిన చోటే
ఆరు నెలలు చేపలు తిరుగుతాయి.

అందుకే మా మందులతోట పడవలో ఉంటుంది.
చిల్లుపడి మూలకు చేరిన పడవని
నాలుగు గుంజల మీదికెత్తి
చీమలపుట్ట మన్నూ కుళ్లిన ఆకూ నింపుతాం.
బతుకంతా నీళ్ల మీద తిరిగింది
ముసలితనంలో మట్టి మోయడం నేర్చుకుంటుంది.

జుల్మీరా పడవ మా అందరి పడవలకన్నా పొడుగు.
ముక్కు దగ్గర సదాపాకు, దిష్టి ముందు దానికే తగలాలని.
నడుమ పుదీనా, నిమ్మగడ్డి, అల్లం,
పొయ్యి దగ్గర కాలే వేళ్లకి కలబంద.
చివరన రణపాల,
మేం చేప పేరు పెట్టి పిలుచుకునే మందపాటి ఆకు:
అంచంతా పళ్లు, పంటికో పిలక.

ఆమెకీ నాకూ మాటల్లేవు.
ఆమె కొడుకు దొరివాల్ మోటారు పడవ
మా వల మీదుగా పోయింది.
వల గుడ్డిదా, పడవ గుడ్డిదా అని మొదలై
చచ్చిపోయిన మా అత్త దాకా పోయింది మాట.
అప్పటికి రెండు వరదలు.

అలాంటప్పుడు ఇరాసీకి దగ్గు పట్టుకుంది.
అర్ధరాత్రి పిల్ల రొమ్ములో
ఎవరో ఎండుకాయ గిలకరించినట్టు.
డాక్టరు పడవ రావడానికి పదిహేను రోజులు.

మా వైపు ఒక మాటుంది:
మందుమొక్కని అడిగి తెచ్చుకుంటే మొండికేస్తుందనీ
థాంక్స్ చెప్తే వేరే పట్టదనీ
దొంగిలించిన కొమ్మే బతుకుతుందనీ.
ఎవరు పుట్టించారో గానీ
పక్కింటితో మాటల్లేనివాళ్లే పుట్టించి ఉంటారు.

తెడ్డుకి గుడ్డ చుట్టుకుని వెళ్లాను.
కుక్క మొరగలేదు.
దాన్ని కట్టేసి ఉంది, దాని నోట్లో చేప తల ఉంది.
పడవ అంచున కత్తెర, నూనె రాసింది.
లేత కొమ్మ మీద చెయ్యి వేశానో లేదో
లోపల ఎవరో దగ్గారు.
జబ్బు దగ్గు కాదు, చెప్పే దగ్గు.
ముదురు కొమ్మ మీదికి చెయ్యి జరిపాను.
ఇల్లు ఊరుకుంది.

పిల్లకి తగ్గింది.
ఆకు పసరు తగ్గించిందో,
పదిహేనో రోజు వచ్చిన పడవ తగ్గించిందో,
నేను పందెం కాయను.
కత్తెర మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

తర్వాతి ఏడు నది
మా గుంజల మీద గీసుకున్న పాత గీతలన్నీ మింగింది.
జుల్మీరా తోట గుంజల మీంచి లేచి తేలింది!
చిల్లుని వేర్లు కుట్టేశాయేమో.
పుదీనా తల వంచకుండా,
ముందు సదాపాకు దారి చూపిస్తుంటే
నిదానంగా, సముద్రం వైపు.
ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.
నేను నా గుమ్మంలో.
ఆ పూట కూడా మేం మాట్లాడుకోలేదు.

మా దూలానికి వేలాడే సొట్ట బేసిన్‌లో
రణపాల ఒక ఆకు నుంచి పదిహేడు మొక్కలైంది.
ఇస్తే చస్తుంది.
ఆమె అడగదు.

నీళ్లు తీసి బురద ఆరుతున్నప్పుడు
బేసిన్‌ని దించి మెట్ల చివర పెట్టాను, పాయ వైపు.
కత్తెరకి నూనె రాశాను.
మా కుక్కకి చేప తల వేశాను.
ఒక రాత్రి, రెండు రాత్రులు, కుక్కకి బలిసింది.

మూడో రాత్రి
గుడ్డ చుట్టిన తెడ్డు చప్పుడు
నాకు తప్ప ఎవరికీ వినపడదు.
దీపం తగ్గించాను.
ఇరాసీ ఎవరని అడగబోతే నోరు మూశాను.
దగ్గే పని పడలేదు నాకు,
ఏది ముదురో ఆమెకి చీకట్లోనూ తెలుసు.

పొద్దున చూస్తే రెండు కొమ్మలు లేవు.
కత్తెరా లేదు.
అది ఆమెదే.